మనుషులున్న ట్రైలర్‌కి నీళ్ళు కట్టేసి, దాన్ని వింటరైజ్ అనొద్దు

నవంబర్ సగం అయిపోయింది. ఇక్కడ టెక్సాస్ పైభాగంలో, అమరిల్లో చుట్టుపక్కల, పొద్దున్నే బండి అద్దం మీద మంచు గీక్కుని పనికి పోయే రోజులు మొదలైపోయాయి. ఇప్పట్నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రైలర్లలో ఉండే వాళ్ళందరి నోటా ఒకటే మాట, వింటరైజ్ చేశారా లేదా అని. ఆ మాట మీద మేము కొంచెం గట్టిగానే చెప్పాల్సింది ఉంది. పొడుగ్గా రాస్తున్నాం, టీ పెట్టుకుని కూర్చోండి.

వింటరైజ్ అంటే ట్రైలర్‌ని చలికాలానికి తయారు చెయ్యడం అని మనవాళ్ళు చాలామంది అనుకుంటున్నారు. అసలు సంగతి అది కాదు. పైపుల్లో ఉన్న నీళ్ళన్నీ తీసేసి, వాటిలోకి గడ్డకట్టని గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కించి, తాళం వేసి వెళ్ళిపోవడం. బండిని నిద్రపుచ్చడం అనుకోండి. అది ఖాళీగా ఉండే బండికి చేసే పని. లోపల మనుషులు వండుకుంటూ, పడుకుంటూ ఉన్న ట్రైలర్‌కి అదే పని చేస్తే దానికి తెలుగులో పేరు నీళ్ళు కట్టెయ్యడం. కాగితం మీద ఏం రాసుకున్నా అంతే.

ఇదంతా ఊరికే రాయట్లేదు. పోయిన డిసెంబర్లో మాకు తెలిసిన ఒక క్యాంపులో ఇదే జరిగింది. కంపెనీ పేరు రాయం, మనవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. ఆరు ట్రైలర్లు, ఒక్కోదాంట్లో ముగ్గురో నలుగురో. ఒక శనివారం కంపెనీ మనిషి వచ్చి ఆరింటికీ యాంటీఫ్రీజ్ ఎక్కించేసి, మార్చిలో మళ్ళీ తెరుస్తాం అని చెప్పి పోయాడు. ఆ మర్నాటి నుంచి ఇరవై మంది సైట్ దగ్గర్నుంచి ఐదు గాలన్ల క్యాన్లతో నీళ్ళు మోసుకున్నారు. స్నానానికి వారానికి రెండు సార్లు ట్రక్ స్టాప్‌కి పోయి డబ్బులు కట్టారు. పది గంటలు కాంక్రీటు పోసి వచ్చిన మనిషి సిమెంటు ఒంటి మీద ఉంచుకుని పడుకోగలడా? సిమెంటు చర్మాన్ని తినేస్తుందని మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

తర్వాత ఇంకోటి జరిగింది. నీళ్ళు లేవు కాబట్టి క్యాన్ల నీళ్ళే సింకులో పోసి గిన్నెలు కడిగారు, టాయిలెట్‌లో పోశారు. సింకు కింద వంపు తిరిగిన గొట్టం ఉంటుంది కదా, అందులో ఉన్న యాంటీఫ్రీజ్ కాస్తా పల్చబడిపోయింది. నీళ్ళు కలిసిన కొద్దీ దాని బలం పోతుంది. ఒక చలి రాత్రి ఆ వంపు దగ్గరే గొట్టం పగిలింది. అప్పుడు కంపెనీ ఏమంది? మేం వింటరైజ్ చేసి ఇచ్చాం, మీరు పాడుచేశారు, రిపేరు డబ్బులు జీతంలో పట్టుకుంటాం అంది. మేము ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మాటే.

మేము సూపర్‌వైజర్లం. పైవాళ్ళ మాటా మా చెవిన పడుతుంది, కుర్రాళ్ళ మాటా పడుతుంది. కాబట్టి కంపెనీ వాదన ఏంటో కూడా నిజాయితీగా రాస్తాం. నీరు 32 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే మన సున్నా దగ్గర గడ్డకడుతుంది. గడ్డ అయ్యేటప్పుడు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. ట్రైలర్లలో వేసే పెక్స్ పైపు కొంచెం సాగుతుంది గానీ పంపు, టాయిలెట్ వాల్వు, కుళాయి లోపలి ముక్కలు, మూలల్లో వేసిన ప్లాస్టిక్ ఫిట్టింగులు సాగవు, చీలిపోతాయి. అసలు దెబ్బ గడ్డ కట్టినప్పుడు కనపడదు. కరిగినప్పుడు గోడ లోపల, నేల కింద కారుతుంది. నేల చెక్క ఉబ్బిపోతుంది. కాబట్టి మా బండ్లు పాడవుతున్నాయి అని కంపెనీ అనడం అబద్ధం కాదు.

ఇంకో మాట కూడా అంటారు. మీ కుర్రాళ్ళు ఫర్నేస్ వెయ్యరు, అందుకే గడ్డ కడుతోంది అని. ఇది కూడా నిజమే. అయితే ఎందుకు వెయ్యరో ఎవరూ అడగరు. లెక్క చూడండి. ట్రైలర్ ముందు పెట్టే 30 పౌండ్ల సిలిండర్లో ఏడు గాలన్ల ప్రొపేన్ పడుతుంది. 30 వేల బీటీయూ ఫర్నేస్ ఆగకుండా మండితే మూడు గంటలకి ఒక గాలన్ తాగేస్తుంది. అంటే మొత్తం సిలిండర్ ఇరవై ఒక్క గంట. మధ్యమధ్యలో ఆగుతూ సగం టైమే మండిందనుకున్నా రెండు రోజులు రాదు. చాలా క్యాంపుల్లో కరెంటు కంపెనీది, గ్యాస్ మాత్రం ఉన్నవాళ్ళే నింపుకోవాలి. ఇంటి దగ్గర పలాసలోనో, సోంపేటలోనో నెల మొదట్లో డబ్బు కోసం చూస్తుంటారు. అలాంటప్పుడు ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు ఏం చేస్తాడు? ఫర్నేస్ ఆపేసి, వాల్‌మార్ట్‌లో కొన్న చిన్న కరెంటు హీటరు పెట్టుకుంటాడు. గది వెచ్చగా ఉంటుంది, హాయిగా పడుకుంటాడు.

కానీ చాలా ట్రైలర్లలో ఫర్నేస్ గాలి గొట్టాలు నేల కింద నుంచే పోతాయి. ట్యాంకులు, పైపులు ఉన్న కింది అరకి వేడి వచ్చేది ఆ గాలి వల్లే. కరెంటు హీటరు మనిషిని కాపాడుతుంది, నేల కింద పైపుని కాపాడదు. అందుకని మేము అనేదేంటంటే, చలి నెలల్లో ఫర్నేస్ గ్యాస్ కుర్రాళ్ళ వంటగ్యాస్ ఖాతాలో రాయడమే తప్పు. ఆ గ్యాస్ కాపాడేది కంపెనీ పైపుల్ని. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సిలిండర్లు కంపెనీ నింపితే సగం పైపులు పగలవు. దీన్ని మేము మా పైవాళ్ళకి రెండేళ్ళుగా చెబుతున్నాం. ఈ ఏడాది రెండు సైట్లలో ఒప్పుకున్నారు, ఒక సైట్లో ఇంకా చూద్దాం అంటున్నారు.

టెక్సాస్‌లో ఏం చలి అనే వాళ్ళు కూడా ఉన్నారు, ముఖ్యంగా హ్యూస్టన్ వైపు నుంచి కొత్తగా వచ్చిన వాళ్ళు. మన లంబసింగిలో ఒక తెల్లవారి గడ్డి మీద మంచు పేరుకుంటే టీవీ వాళ్ళు కెమెరా వేసుకుని పోతారు. ఇక్కడ జనవరి రాత్రి ఇరవై డిగ్రీల్లోకి దిగితే ఎవడూ తల తిప్పి చూడడు. 2021 ఫిబ్రవరి 16న డాలస్ ఎయిర్‌పోర్ట్ దగ్గరే మైనస్ 2 ఫారన్‌హీట్ నమోదైంది. లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. ఆ తుఫానులో 246 మంది పోయారని రాష్ట్ర ప్రభుత్వమే లెక్క ఇచ్చింది. అప్పుడు బొగ్గులు ఇంట్లో వెలిగించుకుని, జనరేటర్ గరాజ్‌లో పెట్టుకుని, ఆ పొగకి పోయిన వాళ్ళూ ఉన్నారు. ట్రైలర్ చిన్న డబ్బా, ఇంటికంటే త్వరగా నిండిపోతుంది. గ్యాస్ స్టవ్ వెలిగించి చలి కాచుకోవద్దు. ఇంకోటి, ఫర్నేస్ గ్యాస్‌తో మండినా దాని ఫ్యాన్ తిరిగేది 12 వోల్టుల బ్యాటరీ మీద. కరెంటు పోయి బ్యాటరీ దిగిపోతే సిలిండర్ నిండా గ్యాస్ ఉన్నా ఫర్నేస్ పనిచెయ్యదు. బ్యాటరీ ఛార్జింగు ఎంత ఉందో ఇప్పుడే చూసుకోండి.

రూల్ సంగతి. పని కోసం కంపెనీయే పెట్టిన తాత్కాలిక క్యాంపులకి ఓషాలో విడిగా ఒక సెక్షన్ ఉంది, నంబరు 1910.142. దాంట్లో మనిషికి రోజుకు 35 గాలన్ల నీళ్ళు క్యాంపుకి అందేలా ఉండాలని రాసి ఉంది. మన లెక్కలో 130 లీటర్ల పైమాటే, పది బిందెలు. స్నానానికి, బట్టలకి వేడి నీళ్ళు, చన్నీళ్ళు రెండూ ఉండాలని ఉంది. చలికాలంలో వాడే క్యాంపు అయితే సరిపడా హీటింగ్ ఇవ్వాలని ఉంది. మీరే సొంతంగా ఆర్వీ పార్కులో చోటు అద్దెకి తీసుకుని ఉంటే ఈ సెక్షన్ మీకు వర్తించదు, అది మీకూ పార్కు ఓనరుకీ మధ్య వ్యవహారం. కానీ కంపెనీ పెట్టిన క్యాంపులో చలి కాబట్టి నీళ్ళు లేవు అనే జవాబు చెల్లదు. చలి కాబట్టే ఏర్పాటు ఎక్కువ చెయ్యాలి.

జీతం కోత గురించి కూడా చెప్పేస్తాం. టెక్సాస్ పేడే చట్టం ప్రకారం మీరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా కంపెనీ ఇలాంటి రిపేరు డబ్బులు జీతంలో పట్టుకోకూడదు. అందుకే చేరిన రోజు ఇచ్చే కాగితాల కట్టలో ఆ సంతకం కూడా కలిపి పెట్టించుకుంటారు. చదవకుండా పెట్టొద్దు. చదవడం రాకపోతే వీడియో కాల్ చెయ్యండి, చదివి చెబుతాం. పట్టుకున్నారు అనుకోండి, టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్‌లో ఫిర్యాదుకి 180 రోజులు టైం ఉంది. చాలామంది సంక్రాంతికి ఇంటికి పోయి వచ్చి, మళ్ళీ ఉగాది దాకా ఊరుకుని, ఆ తర్వాత గుర్తు చేసుకుంటారు. అప్పటికి గడువు దాటిపోతుంది.

మనుషులు ఉండే ట్రైలర్‌కి ఏం చెయ్యాలి మరి? పెద్ద ఖర్చేం కాదు. బయటి కుళాయి నుంచి బండికి వచ్చే గొట్టం కరెంటుతో వేడెక్కే రకం కొనాలి, వంద డాలర్లు అటూ ఇటూ. బయటి కుళాయి నిలువు పైపుకి హీట్ టేపు చుట్టి పైన ఫోమ్ వెయ్యాలి. ట్రైలర్ కింద చుట్టూ ఫోమ్ బోర్డులతో గాలి దూరకుండా కట్టెయ్యాలి. సైట్లో ఫౌండేషన్‌కి వాడగా మిగిలిన రెండంగుళాల బోర్డులు చెత్తలో పారేస్తుంటారు, వాటినే కోసి వాడొచ్చు, మేనేజర్‌ని అడిగి తీసుకోండి. సింకు కింద అలమారా తలుపులు రాత్రి తెరిచి పెట్టాలి. బాగా చలి వార్త వచ్చిన రోజు సాయంత్రం బండిలోని మంచినీళ్ళ ట్యాంకు నింపుకుని, బయటి గొట్టం తీసేసి, నీళ్ళు వంచేసి లోపల పెట్టుకోవాలి. రాత్రంతా పంపు మీద నీళ్ళు వాడుకోవచ్చు. మేము ఈ పద్ధతే అన్నిటికన్నా నమ్ముతాం.

టీవీలో కుళాయి సన్నగా కారనివ్వండి అని చెబుతారు. అది ఇళ్ళకి చెప్పే మాట. ట్రైలర్లో ఆ కారిన నీళ్ళు మురుగు ట్యాంకులో చేరతాయి. ట్యాంకు వాల్వు మూసి ఉంటే తెల్లారేసరికి నిండి స్నానాల గదిలోకి ఎగదన్నుతుంది. తెరిచి ఉంటే ఆ సన్నటి ధార బయట మురుగు గొట్టంలో పొరలు పొరలుగా గడ్డ కట్టి దిమ్మలా బిగుసుకుంటుంది. కాబట్టి వాల్వులు మూసి ఉంచి, ట్యాంకు నిండిన తర్వాత పగటిపూట ఒకేసారి వదలండి.

ఇక ఖాళీ అయ్యే ట్రైలర్. మనవాళ్ళు సంక్రాంతికి ఆరు వారాలు, ఎనిమిది వారాలు ఇంటికి పోతారు. అలాంటి బండికి వింటరైజ్ చెయ్యాల్సిందే, వద్దనే మాటే లేదు. అయితే మా అభిప్రాయం ఏంటంటే అది పని. సరిగ్గా చేస్తే ఒక బండికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలు టైం షీటులో ఎక్కాలి. ఇప్పుడు జరుగుతున్నది ఏంటి? ఫ్లైటుకి ముందు రోజు రాత్రి, షిఫ్టు దిగాక, టార్చి లైటు వెలుగులో అందర్లోకి చిన్నవాడిని పంపుతారు. వాడికి ఏది ఎక్కడుందో తెలియదు. ఏదో ఒకటి మర్చిపోతాడు. మార్చిలో పగులు కనపడితే బాధ్యత వాడిదే అంటారు. కంపెనీ ఆస్తిని కాపాడే పని కంపెనీ టైములో, వెలుతురులో, తెలిసిన మనిషి పక్కన ఉండగా జరగాలి.

తెలిసిన మనిషి అంటే ఎవరు అని అడిగితే, ఈ కింది సంగతులు తెలిసినవాడు. ముందు వాటర్ హీటర్ ఆపి పూర్తిగా చల్లారనివ్వాలి, లోపలి ఒత్తిడి వదలాలి, ఆ తర్వాతే బయటి బిరడా విప్పాలి. వేడిగా ఉండగా విప్పితే మరిగే నీళ్ళు మొహం మీదకి చిమ్ముతాయి. హీటరుకి బైపాస్ తిప్పాలి. తిప్పకపోతే దాని ట్యాంకు నిండడానికే ఆరో పదో గాలన్ల యాంటీఫ్రీజ్ వృథా. ఫిల్టర్ ఉంటే తీసెయ్యాలి. మంచినీళ్ళ ట్యాంకు ఖాళీ చెయ్యాలి. బండి కింద వేడి లైనుకి ఒకటి, చల్ల లైనుకి ఒకటి, చిన్న డ్రెయిన్లు రెండు ఉంటాయి, వాటిని తెరవాలి. తర్వాత కంప్రెసర్‌తో గాలి కొట్టాలి. ఇక్కడే మన కన్‌స్ట్రక్షన్ వాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. నెయిల్ గన్నుకి పెట్టిన కంప్రెసర్ వందకి పైనే ఉంటుంది. అదే తెచ్చి తగిలిస్తే చలి పగలగొట్టాల్సిన ఫిట్టింగుని మనమే పగలగొట్టినట్టు. రెగ్యులేటర్ 40 పీఎస్ఐకి తగ్గించాలి, దాటనివ్వకూడదు.

గాలి కొట్టాం కదా చాలు అని కొందరు ఆపేస్తారు. పంపు లోపల, వాల్వుల మడతల్లో కాస్త నీళ్ళు ఉండిపోతాయి. అందుకని మేము గాలి తర్వాత యాంటీఫ్రీజ్ కూడా ఎక్కిస్తాం. పంపు పీల్చే వైపు చిన్న గొట్టం పెట్టి డబ్బాలో ముంచి, దూరంగా ఉన్న కుళాయి నుంచో దగ్గర నుంచో వరసగా ఒక్కోటి వేడి, చల్ల రెండు వైపులా గులాబీ రంగు వచ్చేదాకా తిప్పాలి. టాయిలెట్ మర్చిపోవద్దు. ఎక్కువమంది మర్చిపోయేది బండి బయట పెట్టిన షవర్. సింకుల కింద వంపుల్లో ఒక్కో గ్లాసు పొయ్యాలి. మామూలు బండికి రెండు మూడు గాలన్లు సరిపోతుంది.

యాంటీఫ్రీజ్ అంటే ఆర్వీ అని రాసి ఉన్న గులాబీ రంగుదే, ప్రొపిలీన్ గ్లైకాల్‌ది. కార్ల రేడియేటర్‌లో పోసేది ఇథిలీన్ గ్లైకాల్, అది విషం. తియ్యగా కూడా ఉంటుంది, కుక్కలు నాకి చస్తాయి. సైట్లో కార్ల డబ్బా మిగిలింది కదా అని ఎవరైనా తెస్తే అక్కడే ఆపండి. మనం తాగే పైపు అది. రంగు చూసి నమ్మొద్దు, కార్ల వాటిలో కూడా గులాబీ రంగువి ఉన్నాయి, డబ్బా మీద పేరు చదవండి. డబ్బా మీద మైనస్ 50 అని ఉంటుంది. ఆ చలి దాకా పైపు పగలకుండా కాపాడుతుందని దానర్థం. అంతకు ముందే అది గుజ్జుగా అవుతుంది, కంగారు పడక్కర్లేదు.

గల్ఫ్‌లో చేసి వచ్చిన అన్నలకి ఇదంతా వింతగా ఉంటుంది. అక్కడ ఆగస్టులో డాబా మీద ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నం ఒంటిమీద పోసుకుంటే బొబ్బలెక్కేవి. అక్కడా ఇక్కడా గొడవ నీళ్ళతోనే, డిగ్రీలు వేరు. అక్కడ మనం అడగలేదు, సర్దుకున్నాం, రాత్రే బకెట్లలో నీళ్ళు పట్టి చల్లార్చుకున్నాం. ఇక్కడ అడగడానికి రూలు రాసి ఉంది. అడగండి, ఒక్కడే కాకుండా ట్రైలర్‌కి ఒకరు చొప్పున కలిసి వెళ్ళండి. అడిగినదాన్ని మెసేజ్‌లో కూడా పెట్టండి, తేదీ ఉంటుంది. అప్పటికీ కదలకపోతే ఓషా నంబరు 1-800-321-6742. మీ పేరు కంపెనీకి చెప్పొద్దని అడగొచ్చు.

మా దగ్గర సంగతి. ఐదు ట్రైలర్లలో రెండు డిసెంబర్ రెండో వారంలో ఖాళీ అవుతున్నాయి. ఆ రెండింటికీ శుక్రవారం పగలు పని పెట్టాం, ఇద్దరు మనుషులు, బండికి రెండు గంటల చొప్పున టైం షీటులో రాయించాం. మిగతా మూడింటికి వేడి గొట్టాలు వచ్చేశాయి, బోర్డులు కొయ్యడం ఆదివారం మొదలు. గులాబీ డబ్బాలు ఆరు ఎక్కువే తెప్పించాం. ప్లెయిన్‌వ్యూ, లబ్బక్ వైపు ఉన్నవాళ్ళకి కావాలంటే మెసేజ్ పెట్టండి. బైపాస్ ఎక్కడుందో కనపడకపోతే హీటరు వెనక ప్యానెల్ విప్పి ఫోటో తీసి పంపండి, ఏ వాల్వు ఎటు తిప్పాలో గీసి పంపుతాం.